విదేశీ వేలానికి పంపే నాణెం, దాని వెంట వెళ్లాల్సిన కాగితం

అరుదైన నాణేన్ని అమ్మదలచుకున్న సేకర్త విదేశంలోని వేలం సంస్థ వైపు చూడడానికి బలమైన కారణమే ఉంటుంది. ఏ నాణేనికైనా మంచి ధర పలికేది దాని కోసం పోటీ పడేవారు ఎక్కువమంది ఉన్న చోటే. ప్రాచీన గ్రీకు, రోమన్ నాణేలను కోరేవారు లండన్, జ్యూరిక్, జర్మనీలోని ఓస్నాబ్రూక్ నగరాల వేలాలను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉంటారు. అమెరికా నాణేల మీద ఆసక్తి ఉన్నవారి చూపు డాలస్‌లోని హెరిటేజ్ వంటి సంస్థల మీద ఉంటుంది. ఆస్ట్రేలియా నాణేలకు సిడ్నీలో గిరాకీ ఎక్కువ. పట్టుదల గల ఇద్దరు ఒకే నాణెం మీద కన్నేస్తే తప్ప పాట పైకి వెళ్లదు కాబట్టి, ఆ ఇద్దరూ ఉన్న చోటికి నాణేన్ని క్షేమంగా చేర్చడం అమ్మకందారు పని.

ఆ చేర్చడంలోనే చిక్కంతా ఉంది. బ్రిటిష్ సావరిన్ అనే బంగారు నాణేన్ని ఉదాహరణగా తీసుకుంటే దాని వ్యాసం 22 మిల్లీమీటర్ల పైచిలుకు, బరువు 7.98 గ్రాములు. అరచేతిలో ఇమిడిపోయే ఈ వస్తువు సరిహద్దు దాటే దారిలో ఒక్కొక్కరికి ఒక్కొక్కలా కనిపిస్తుంది. తపాలా శాఖకు అది నగదు. కస్టమ్స్ అధికారికి అది విలువైన లోహమో, సేకరణ వస్తువో తేల్చవలసిన సరుకు. పురావస్తు చట్టాన్ని అమలు చేసే అధికారికి, అది నూరేళ్లు దాటినదైతే, దేశపు వారసత్వ సంపద. విమానయాన సంస్థకు అది కొన్ని గ్రాముల బరువు మాత్రమే. వేలం సంస్థ ఒక్కటే దాన్ని నాణెంగా, అంటే ఫలానా సంవత్సరంలో ఫలానా టంకశాలలో ముద్రితమై ఫలానా స్థితిలో నిలిచిన ఒకే ఒక్క వస్తువుగా చూస్తుంది. దారిలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలా భాగం ఈ చూపుల తేడా వల్ల పుట్టేవే. నాణెం చేయి దాటకముందే అది ఏమిటో, ఎవరిదో, ఎంత విలువైనదో కాగితం మీద స్థిరపరచుకున్నవారికి ఆ ఇబ్బందులు తగ్గుతాయి.

ముందుగా తపాలా సంగతి. 1874లో ఏర్పడి స్విట్జర్లాండ్‌లోని బెర్న్ కేంద్రంగా పనిచేస్తున్న విశ్వ తపాలా సమాఖ్య ఒడంబడిక ప్రకారం నాణేలు, కరెన్సీ నోట్లు, బంగారం, వెండి, ప్లాటినం, రత్నాలు, నగలు వంటివి బీమా లేని ఉత్తరాల్లో పెట్టి పంపకూడదు. పంపే దేశం, అందుకునే దేశం రెండింటి చట్టాలూ ఒప్పుకుంటే మూసిన కవరులో రిజిస్టర్డ్ తపాలాగా పంపవచ్చునన్న సడలింపు ఉంది. ఈ నియమంలోని కీలకమంతా 'రెండు దేశాలూ' అన్న మాటలో ఉంది. పంపే చోటి తపాలా కౌంటరులో పార్శిల్ తీసుకున్నంత మాత్రాన అది చెల్లుబాటైనట్టు కాదు; అవతలి దేశం నాణేలను నిషిద్ధ వస్తువుల జాబితాలో పెట్టి ఉంటే పార్శిల్‌ను అక్కడ ఆపేయవచ్చు, తిప్పి పంపవచ్చు, కొన్ని సందర్భాల్లో స్వాధీనం కూడా చేసుకోవచ్చు. అందుకే గమ్యదేశం నిషేధాల జాబితాను ముందుగా చదవడం తప్పనిసరి.

ప్రైవేటు కొరియర్ సంస్థల దగ్గర పరిస్థితి మరో రకంగా ఉంటుంది. పెద్ద కొరియర్ సంస్థల షరతుల పత్రాల్లో నగదు, బంగారు కడ్డీలతో పాటు సేకరణ నాణేలు కూడా అంగీకరించని వస్తువుల కింద కనిపించడం మామూలే. కౌంటరులోని ఉద్యోగి ఆ షరతు గమనించకుండా పార్శిల్ తీసుకోవచ్చు, రుసుము వసూలు చేయవచ్చు, రసీదులో విలువ కూడా రాయవచ్చు. కానీ పార్శిల్ పోయిన రోజున ఆ రసీదును చూసేది కౌంటరు ఉద్యోగి కాదు, క్లెయిముల విభాగం. నిషిద్ధ వస్తువును పంపినట్టు తేలగానే చెల్లింపు బాధ్యత రద్దవుతుంది. ఎక్కువ డబ్బు కట్టి ఎక్కువ విలువ ప్రకటిస్తే రక్షణ వస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వస్తువే నిషిద్ధమైనప్పుడు ప్రకటించిన విలువకు అర్థం లేదు.

రవాణాదారు బాధ్యత ఎంత పలచగా ఉంటుందో ఒక లెక్క స్పష్టంగా చూపిస్తుంది. అంతర్జాతీయ విమాన రవాణాకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక సరుకు నష్టానికి పరిహారాన్ని బరువును బట్టి నిర్ణయించింది. మొదట కిలోకు 17 ఎస్‌డీఆర్‌లుగా ఉన్న పరిమితి దఫదఫాలుగా పెరిగి 2024 డిసెంబరు 28 నుంచి 26కు చేరింది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం. ఒక్కోటి డాలరు కంటే కొంచెం ఎక్కువ. డబ్బా, కాగితం, దూది అన్నీ కలిపి 300 గ్రాములు తూగే పార్శిల్‌కు ఆ లెక్కన దక్కేది 7.8 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు పది డాలర్లు. లోపల ఉన్నది పది డాలర్ల పతకమా, పదివేల డాలర్ల నాణెమా అన్నది ఆ సూత్రానికి పట్టదు. తూనికతో విలువ కట్టే వ్యవస్థలో, తూనికకు సంబంధం లేని విలువ గల వస్తువు ప్రయాణిస్తోందన్నమాట. పంపేటప్పుడు ప్రత్యేకంగా విలువ ప్రకటించి అదనపు రుసుము చెల్లిస్తే ఈ పరిమితి తొలగే వీలు ఒడంబడికలోనే ఉంది, కానీ అది రవాణాదారు ఆ వస్తువును స్వీకరించినప్పటి మాట.

కాబట్టి నిజమైన రక్షణ విడిగా తీసుకునే బీమాలోనే ఉంటుంది. ఇక్కడ అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేలం సంస్థనే అడగాలి: తమ సంస్థ బీమా నాణెం అమ్మకందారు చేతిలో నుంచి వెళ్లిన క్షణం నుంచి వర్తిస్తుందా, లేక తమ తలుపు దాటి లోపలికి వచ్చాకే మొదలవుతుందా? పెద్ద సంస్థల్లో కొన్ని తమ పాలసీ కిందకు పంపే దారిని కూడా తెస్తాయి. అయితే ఫలానా రవాణా సేవ, ఫలానా రకం ప్యాకింగు, ఒక్కో పార్శిల్‌కు ఇంతకు మించని విలువ, పంపే ముందే ట్రాకింగ్ నంబరు తెలియజేయడం వంటి షరతులు పెడతాయి. వీటిలో ఒక్కటి తప్పినా పాలసీ పనిచేయదు. మౌఖికంగా వచ్చిన హామీకి విలువ లేదు; ఈమెయిల్ రూపంలోనైనా రాతపూర్వకంగా ఉండాలి. నాణేల విలువ మరీ ఎక్కువైనప్పుడు బ్రింక్స్, మల్కా అమిత్ వంటి విలువైన వస్తువుల రవాణా సంస్థలను ఆశ్రయించడం ఆనవాయితీ. వాటి రుసుము చూసి వెనకాడేవారు ఉంటారు గానీ, తీసుకెళ్లడం, బీమా, కస్టమ్స్ పని మూడూ ఒకే చేతి కింద ఉండడం చిన్న సౌకర్యమేమీ కాదు.

ప్యాకింగు చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ నాణెం స్థితి మీద ధర ఆధారపడే ఈ రంగంలో అది సగం విలువను కాపాడే పని. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో చాలా రకాలు పీవీసీతో తయారవుతాయి. వాటిలోని రసాయనాలు కాలక్రమంలో బయటికి ఊరి రాగి, వెండి నాణేల మీద ఆకుపచ్చని జిగట పొర కడతాయి. వేడి, తేమ మారుతూ ఉండే సుదీర్ఘ ప్రయాణంలో అలాంటి సంచి ప్రమాదకరం. పాలియెస్టర్ సంచికి ఆ దోషం లేదు, కానీ అది బిరుసుగా ఉంటుంది కాబట్టి నాణెం లోపల కదిలితే ఎత్తుగా ఉన్న భాగాల మీద సన్నని గీతలు పడతాయి. మెరుపు చెదరని నాణేనికి దాని కొలతకు సరిగ్గా సరిపోయే గట్టి గుండ్రటి డబ్బీయే మేలు. ఆ డబ్బీని రెండు దళసరి అట్టముక్కల మధ్య పెట్టి నాలుగు అంచులూ అతికించి, దాన్ని మెత్తటి పొరలో చుట్టి చిన్న పెట్టెలో, ఆ పెట్టెను మళ్లీ పెద్ద పెట్టెలో పెట్టాలి. చివరికి పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపి చూడాలి. ఏ చిన్న గలగల వినిపించినా విప్పి మళ్లీ కట్టవలసిందే. ఆ శబ్దం నాణెం అంచుకు తగిలే దెబ్బల శబ్దం కావడం ఒక కారణం. లోపల డబ్బులున్నాయని దారిలో ప్రతి చేతికీ చెప్పే శబ్దం కావడం మరో కారణం. అతుకుల మీద తడిపి అంటించే కాగితపు టేపు వాడితే దాన్ని చింపకుండా విప్పడం కష్టం కాబట్టి ఎవరైనా తెరిచిన జాడ దాగదు. ఇదంతా చేసే ముందు నాణేన్ని 'శుభ్రం' చేయాలన్న కోరికను పూర్తిగా అణచుకోవాలి. దశాబ్దాలుగా ఏర్పడిన సహజమైన రంగును తోమి పోగొట్టిన నాణేన్ని నిపుణులు క్షణంలో పట్టేస్తారు, పోయిన విలువ ఏ మార్గంలోనూ తిరిగి రాదు.

పార్శిల్ మీద 'నాణేలు' అన్న సూచన ఏదీ ఉండకూడదని అనుభవజ్ఞులు చెబుతారు. అందుకునే సంస్థ పేరులో నాణేల ప్రస్తావన ఉంటే పొడి అక్షరాలతో రాయమని ఆ సంస్థే సూచించడం కద్దు. అయితే అదే పార్శిల్ మీద కస్టమ్స్ ప్రకటన కూడా ఉంటుంది. తపాలా పార్శిల్‌కైతే 300 ఎస్‌డీఆర్‌ల విలువ వరకు సీఎన్ 22 చీటీ, ఆ పైన సీఎన్ 23 పత్రం వాడతారు. వాటిలో లోపల ఉన్నదేమిటో, దాని విలువెంతో నిజం రాయాలి. దొంగ చూపు నుంచి దాచవలసిన విషయాన్నే ప్రభుత్వం చూపుకు బయటపెట్టవలసి రావడం ఈ ప్రయాణంలోని అసలైన ఇరకాటం. దీనికి అబద్ధం పరిష్కారం కాదు. 'బహుమతి' అనో, 'లోహపు బిళ్లలు' అనో రాసి పంపేవారు దొంగ నుంచి దాక్కోబోయి చట్టానికి దొరికిపోతారు. తప్పుడు ప్రకటనతో వచ్చిన సరుకును జప్తు చేసే అధికారం చాలా దేశాల కస్టమ్స్‌కు ఉంది. ప్రకటనలో వస్తువును నిజంగా, క్లుప్తంగా రాసి వివరాల జాబితాను, వేలం ఒప్పందం నకలును పారదర్శక సంచిలో మడిచి పెట్టడం, పూర్తి సమాచారాన్ని ముందుగానే వేలం సంస్థ కస్టమ్స్ ఏజెంటుకు పంపడం పద్ధతి.

ప్రకటనలో ఏ విలువ రాయాలన్న ప్రశ్న అంత సులువైనది కాదు. వేలానికి వెళ్లే నాణేనికి ఇంకా ధర పుట్టలేదు. కొన్ననాటి ధర ఒకటి, వేలం సంస్థ వేసిన అంచనా మరొకటి, కనీస ధరగా పెట్టిన రిజర్వ్ ఇంకొకటి, బీమా చేసిన మొత్తం వేరొకటి. ఈ అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే అడిగేవారికి అనుమానం రావడం సహజం. పన్ను తప్పుతుందన్న ఆశతో పదో వంతు విలువ రాసినవారు, నాణెం పోతే బీమా సంస్థ కూడా ఆ పదో వంతునే చూపిస్తుందని మరచిపోతారు. ఎగుమతి సొమ్ము తిరిగి రావడాన్ని లెక్కచూసే దేశాల్లో అయితే, వంద డాలర్ల వస్తువుకు వెయ్యి డాలర్లు ఎలా వచ్చాయని బ్యాంకు అడిగినప్పుడు చెప్పే సమాధానం ఉండదు. వేలం సంస్థ రాతపూర్వకంగా ఇచ్చిన అంచనాలో తక్కువ వైపు అంకెను అన్ని పత్రాల్లోనూ ఒకేలా వాడడం, అది అమ్మకం జరగని సరుకు తాలూకు అంచనా విలువ అని స్పష్టంగా రాయడం సమర్థించుకోగలిగిన మార్గం.

వర్గీకరణ మరో మలుపు. సరుకులను వర్గీకరించడానికి ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హెచ్‌ఎస్ కోడ్‌లలో నాణేలకు రెండు ఇళ్లున్నాయి. 7118 శీర్షిక కింద మామూలు నాణేలు వస్తాయి. 9705 కింద నాణేల శాస్త్రపరంగా ఆసక్తి గల సేకరణ వస్తువులు వస్తాయి. 2022 సవరణలో ఈ రెండో శీర్షికను నూరేళ్లు దాటినవి 9705.31, తక్కినవి 9705.39 అని విడదీశారు. ఇది గుమాస్తాల కోసం పెట్టిన అంకెల తేడా మాత్రమే కాదు. బ్రిటన్‌లో సేకరణ వస్తువులుగా అంగీకరించిన వాటి మీద దిగుమతి వ్యాట్ 20 శాతానికి బదులు 5 శాతం పడుతుంది, ఫ్రాన్స్‌లో 5.5, జర్మనీలో 7 శాతం తగ్గింపు రేట్లున్నాయి. మరోవైపు ఐరోపా సమాఖ్యలో 1800 తరువాత ముద్రితమై, 900 పాళ్లకు తగ్గని స్వచ్ఛతతో, ముద్రించిన దేశంలో చెలామణీ అయిన లేదా అవుతున్న బంగారు నాణెం, అందులోని బంగారం విలువ కంటే 80 శాతానికి మించి ఎక్కువ కాని ధరకు మామూలుగా అమ్ముడయ్యేదైతే, పెట్టుబడి బంగారంగా వ్యాట్ నుంచి పూర్తిగా మినహాయింపు పొందుతుంది. ఒకే సావరిన్, అది సాధారణ సంవత్సరపుదైతే బంగారం కింద, అరుదైన సంవత్సరపుదైతే సేకరణ వస్తువు కింద వెళ్లే అవకాశం ఉందని దీని అర్థం. ఏ కోడ్ రాయాలో ఊహించుకోకుండా వేలం సంస్థ ఏజెంటు చెప్పినట్టు రాయడం శ్రేయస్కరం.

అమ్ముడుపోతుందో లేదో తెలియని వస్తువు మీద ముందే పన్ను కట్టడం అన్యాయమన్న గుర్తింపుతోనే బ్రిటన్, ఐరోపా సమాఖ్య చట్టాలు వేలం కోసం వచ్చే వస్తువులకు తాత్కాలిక దిగుమతి విధానాన్ని కల్పించాయి. వేలం సంస్థ తన అనుమతి కింద నాణేన్ని సాధారణంగా 24 నెలల గడువుతో పన్ను లేకుండా లోపలికి తెస్తుంది. అది అమ్ముడై ఆ దేశంలోనే ఉండిపోతే కొనుగోలుదారు దిగుమతి పన్ను కడతాడు. వేరే దేశానికి వెళ్లిపోతే ఆ పన్ను పడదు. వేలం జాబితా పుస్తకంలో అలాంటి లాట్ (వేలంలో ఒక్కటిగా అమ్మే వస్తువు) నంబరు పక్కన ఒక చిన్న గుర్తు ఉంటుంది. పాట పాడేవారు ఆ గుర్తును చూసి తమ లెక్కలో అంత తగ్గించుకుంటారు. ప్రదర్శనలకు వెళ్లే సరుకుకు వాడే ఏటీఏ కార్నె అనే పత్రం ఇక్కడ పనికిరాదు, అది తిరిగి తెచ్చే సరుకు కోసం, అమ్మకానికి ఉద్దేశించినది కాదు. తపాలాలో మామూలుగా వచ్చిన పార్శిల్‌కు కూడా ఈ తాత్కాలిక విధానం తనంతట తాను వర్తించదు. పత్రాల్లో ముందే కోరాలి.

పార్శిల్ గొడవంతా ఎందుకు, విమానంలో చేతితో తీసుకెళ్తే పోతుంది కదా అనుకునేవారు ఐరోపా సమాఖ్యలో 2021 జూన్ 3 నుంచి అమలవుతున్న నగదు నియంత్రణ నిబంధనను గమనించాలి. అందులో కనీసం 90 శాతం బంగారం ఉన్న నాణేలను కూడా నగదుగానే లెక్కిస్తారు. 10,000 యూరోలు, అంతకు మించిన విలువ ఉంటే వెంట తీసుకెళ్లేవారు అడగకముందే ప్రకటించాలి. పార్శిల్‌లో వెళ్తున్నదైనా సరే, అధికారులు కోరితే 30 రోజుల్లో వివరాలు ఇవ్వాలి. సేకరణ వస్తువుగా బయలుదేరిన నాణెం మళ్లీ నగదుగా మారిపోయే చోటు ఇది.

ఇంతవరకు చెప్పినవన్నీ జాగ్రత్తతో దాటగలిగే అడ్డంకులు. పురాతన నాణేల విషయం అలా కాదు. అక్కడ కొన్ని తలుపులు తెరుచుకోవు. 1970 నాటి యునెస్కో ఒడంబడిక సాంస్కృతిక సంపద నిర్వచనంలో నూరేళ్లు దాటిన పురావస్తువుల కింద శాసనాలు, ముద్రలతో పాటు నాణేలను పేరుపెట్టి చేర్చింది. భారతదేశపు 1972 నాటి పురావస్తువులు, కళాసంపదల చట్టం కింద నూరేళ్లకు తగ్గని నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడానికి వీల్లేదు. సొంత సేకరణలో తాతల నాటి నుంచి ఉన్నా, రసీదు ఉన్నా ఆ నిషేధం మారదు. తుర్కియే, గ్రీస్, ఇటలీ వంటి దేశాలు కూడా తమ నేలలో దొరికిన ప్రాచీన నాణేల మీద కఠినమైన హక్కును ప్రకటించుకున్నాయి. ఎగుమతికి అనుమతి రాని నాణేన్ని పంపడం నియమభంగం మాత్రమే కాదు, నేరం కూడా.

దిగుమతి చేసుకునే దేశాలు కూడా ఇప్పుడు ప్రశ్నలు అడుగుతున్నాయి. అమెరికా వివిధ దేశాలతో కుదుర్చుకున్న సాంస్కృతిక సంపద ఒప్పందాల్లో నాణేలు తొలిసారి చేరింది 2007లో, సైప్రస్ విషయంలో. ఆ తరువాత చైనా, ఇటలీ, గ్రీస్ నాణేల్లో అనేక రకాలు పరిమితుల కిందకు వచ్చాయి. ఐరోపా సమాఖ్య 2019/880 నిబంధన పూర్తిగా 2025 జూన్ 28 నుంచి అమలులోకి వచ్చింది. సమాఖ్య వెలుపల పుట్టిన నాణెం తవ్వకాల్లో దొరికినదై 250 ఏళ్లు దాటితే విలువతో నిమిత్తం లేకుండా దిగుమతి లైసెన్సు కావాలి. తవ్వకాల వస్తువు కాకపోయినా 200 ఏళ్లు దాటి 18,000 యూరోలు, ఆ పై విలువ ఉంటే అది మూలదేశం నుంచి చట్టబద్ధంగానే బయటికి వచ్చిందని దిగుమతిదారు ప్రకటన ఇవ్వాలి. తవ్వకాల్లో దొరికిన నాణేనికీ, చేతులు మారుతూ వచ్చిన నాణేనికీ కంటికి తేడా కనిపించదు. కాగితమే చెప్పాలి.

ఆ కాగితం బరువెంతో రెండు బంగారు నాణేల చరిత్ర చూపిస్తుంది. అమెరికాలో 1933లో ముద్రితమైన ఇరవై డాలర్ల 'డబుల్ ఈగిల్' నాణేలు చెలామణీలోకి విడుదల కాలేదు. బయటికి పొక్కినవాటిని ప్రభుత్వం దొంగసొత్తుగా పరిగణించింది. వాటిలో ఒకదాన్ని 1944లో ఈజిప్టు రాజు ఫరూక్ కొన్నప్పుడు, అసలు సంగతి ఇంకా బయటపడక అమెరికా ఖజానా శాఖ దానికి ఎగుమతి లైసెన్సు ఇచ్చింది. దశాబ్దాల తరువాత న్యూయార్క్‌లో అధికారుల చేతికి చిక్కిన నాణెం ఆ ఫరూక్ నాణెమేనన్న వాదన, దాని వెనక ఉన్న ఆ లైసెన్సు కలిసి ప్రభుత్వాన్ని 2001లో రాజీకి ఒప్పించాయి. 2002లో అది 75.9 లక్షల డాలర్లకు, 2021లో దాదాపు 1.89 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అదే సంవత్సరం, అదే ముద్ర గల మరో పది నాణేలు తరువాత ఒక కుటుంబం దగ్గర బయటపడ్డాయి. వాటికి అలాంటి కాగితం లేదు. సుదీర్ఘమైన కోర్టు పోరాటం చివర అవి ప్రభుత్వానికే దక్కాయి.

రెండోది జూలియస్ సీజర్ హత్యను చాటుతూ బ్రూటస్ పేరుతో క్రీ.పూ. 42లో వెలువడిన బంగారు నాణెం. ఒక వైపు బ్రూటస్ ముఖం, మరో వైపు రెండు బాకుల నడుమ టోపీ. 2020 అక్టోబరులో లండన్ వేలంలో అది 32.4 లక్షల పౌండ్లు పలికింది. దాని పూర్వ యజమానుల వివరాలు కల్పితమని తరువాత అమెరికా దర్యాప్తులో తేలింది. 2023 మార్చిలో నాణేన్ని గ్రీస్‌కు అప్పగించారు. నాణెం నకిలీది కాదు. దాని వెంట వచ్చిన కథ నకిలీది. పాత రసీదులు, పాత వేలాల జాబితాల్లోని ఫోటోలు, వీలునామాలు, వెనకటి సేకర్తలు చేతిరాతతో నింపిన చీటీలు పనికిరానివిగా పారేయడం ఎంత నష్టమో దీన్ని బట్టి గ్రహించవచ్చు. 1970కి ముందే నాణెం ఫలానా సేకరణలో ఉందని చూపగల పసుపు పట్టిన చీటీ ముక్క ఇప్పుడు ధరను పెంచుతుంది.

నాణేనికి గుర్తింపు పత్రం తయారుచేసే పని అమ్మకందారు ఇంట్లోనే మొదలవ్వాలి. రెండు వైపులా, అంచు చుట్టూ దగ్గరి నుంచి తీసిన ఫోటోలు, గ్రాములో నూరో వంతు వరకు బరువు, వ్యాసం, రెండు వైపుల బొమ్మలు ఒకదానికొకటి ఏ కోణంలో ఉన్నాయన్న వివరం రాసిపెట్టాలి. రాజు చెంప మీద గోరంత గీత, అంచు దగ్గర ఏడు గంటల స్థానంలో చిన్న నొక్కు, ఒక అక్షరం పక్కన నల్లని మచ్చ వంటివి అదే రకం వేల నాణేల్లో ఆ ఒక్కదాన్ని పట్టిచ్చే పుట్టుమచ్చలు. నాణెం అమెరికాలోని పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి గ్రేడింగ్ సంస్థల గట్టి ప్లాస్టిక్ పలకలో ఉంటే దాని మీది నంబరు ఈ పనిని చాలా వరకు సులువు చేస్తుంది. 1949లో విలియం షెల్డన్ ప్రతిపాదించిన 1 నుంచి 70 వరకు ఉన్న కొలబద్ద ఆధారంగా ఆ సంస్థలు స్థితిని నిర్ణయిస్తాయి. గ్రేడింగ్ లేని నాణేన్ని పంపి, వేలం సంస్థ ద్వారానే చేయించడం చాలాసార్లు మేలు. రెండు అంతర్జాతీయ ప్రయాణాలు ఒకటవుతాయి. ప్రాచీన నాణేలను కోరే ఐరోపా కొనుగోలుదారుల్లో చాలామందికి నాణేన్ని చేతితో పట్టుకుని చూడడమే ఇష్టం కాబట్టి అక్కడ పలక అవసరం అంతగా ఉండదు.

ఇంత శ్రమకు తగిన ఫలితం ఉంటుందా అన్నది లెక్క వేసి చూసుకోవలసిన విషయం. ఊహకు ఒక నాణెం సుత్తి పడేసరికి 1,000 డాలర్లు పలికిందనుకుందాం. కొనుగోలుదారు దాని మీద వేలం సంస్థకు చేరే 20 శాతం ప్రీమియం కలిపి 1,200 చెల్లిస్తాడు. ఆ మేరకు అతడు పాటను ముందే ఆపేస్తాడు కాబట్టి ఆ భారంలో కొంత నిజానికి అమ్మకందారు మీదే పడుతుంది. అమ్మకందారు కమిషన్ 10 శాతమైతే 900 మిగులుతాయి. రవాణా, బీమాకు 80, గ్రేడింగ్‌కు 50, బ్యాంకు బదిలీకి 30 తీసేస్తే 740. కరెన్సీ మార్పిడిలో రెండు శాతం పోతే చేతికి వచ్చేది దాదాపు 725. అంటే కొన్నవారి జేబులోంచి వెళ్లినదానికీ అమ్మినవారి ఖాతాలో పడినదానికీ మధ్య 475 డాలర్ల దూరం. స్వదేశంలో 750కి కొనే వ్యాపారి ఉంటే ఈ ప్రయాణమే దండగ. అదే నాణెం పదివేలు పలికేదైతే రవాణా, బదిలీ ఖర్చులు అంతగా పెరగవు కాబట్టి లెక్క తారుమారవుతుంది. కమిషన్ మీద బేరమాడే శక్తి కూడా వస్తుంది. తక్కువ ధర నాణేలను గుంపుగా పంపితే ఖర్చు పంచుకుపోతుంది గానీ, ఒక్క పార్శిల్‌లో అన్నీ పెడితే బీమా పరిమితి దాటిపోయే ప్రమాదం ఉంది. ఆ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది పాలసీ చూసి తేల్చుకోవాలి.

ఒప్పందంలో చదవవలసిన అంశాలు కొన్నే, కానీ వాటి మీదే డబ్బంతా నడుస్తుంది. రిజర్వ్ ధరను చేరని నాణేనికి రుసుము ఉంటుందా? వేలం అయిన ఎన్ని రోజులకు చెల్లింపు వస్తుంది? కొన్నవారు డబ్బు కట్టకపోతే అమ్మకందారుకు ఏం దక్కుతుంది? నాణెం నకిలీదని తరువాత తేలితే ఎంతకాలం వరకు సొమ్ము వెనక్కి అడగవచ్చు? చెల్లింపు ఏ కరెన్సీలో? నాణెం పంపిన నాటి నుంచి సొమ్ము అందే నాటికి ఐదారు నెలలు పట్టడం సాధారణమే. జాబితా పుస్తకం తయారీకి వీలుగా సరుకు రెండు మూడు నెలల ముందే చేరాలి, వేలం తరువాత వసూళ్లకు మరో నెలా నెలన్నర. అంతకాలంలో మారకం రేటు ఎటైనా కదలవచ్చు. అత్యాశతో పెట్టిన రిజర్వ్ చేసే హాని వేరు. ఒకసారి అమ్ముడుపోక మిగిలిన నాణెం ఫోటో అందరూ చూసే పాత వేలాల భాండాగారంలో శాశ్వతంగా ఉండిపోతుంది, మరుసటిసారి అది కనిపించినప్పుడు కొనేవారు ముందుగా అడిగేది అప్పుడెందుకు పోలేదనే.

అమ్ముడుపోని నాణెం తిరుగు ప్రయాణం గురించి బయలుదేరే రోజునే ఎవరూ ఆలోచించరు. స్వదేశపు కస్టమ్స్ దాన్ని విదేశం నుంచి వస్తున్న కొత్త విలువైన వస్తువుగా చూసి పన్ను వేయవచ్చు. పంపిన వస్తువే మార్పు లేకుండా తిరిగి వస్తే పన్ను మినహాయించే వెసులుబాటు చాలా దేశాల్లో ఉంది. ఐరోపా సమాఖ్యలో, బ్రిటన్‌లో దానికి మామూలు గడువు మూడేళ్లు. కానీ ఆ వెసులుబాటు కోరేవారు రెండు సంగతులు నిరూపించాలి: నాణెం సక్రమంగా ప్రకటించి ఎగుమతి చేసినదేనని, తిరిగి వచ్చినది ఆ నాణెమేనని. ఎగుమతి పత్రంలో 'పాత నాణెం, ఒకటి' అని మాత్రమే ఉంటే రెండో సంగతి నిరూపించే మార్గం లేదు. అదే పత్రంలో సంవత్సరం, టంకశాల, 7.98 గ్రాముల బరువు, పలక నంబరు ఉండి, దానికి జతగా అంచు మీది నొక్కు కనిపించే ఫోటో ఉంటే, కౌంటరు అవతలి అధికారి పెట్టె తెరిచి నాణేన్ని, ఫోటోను పక్కపక్కన పెట్టి చూసి ముద్ర వేయగలుగుతారు.